ఒకటే పేరు... రెండు తీగలు!

వేలెడు లావున్న ఎండు తీగ ముక్క. అడ్డంగా కోసి చూస్తే లోపలంతా సూదితో పొడిచినట్లు సన్నని రంధ్రాలు. మధ్య నుంచి అంచులదాకా బండిచక్రం ఆకుల్లా గీతలు. ఒక చివర నోట్లో పెట్టుకుని ఊదితే గాలి రెండో చివర నుంచి బయటికి రావాలి. అలా వస్తేనే అది మేలురకం సరుకు! చైనా వైద్య పండితుడు తావో హోంగ్‌జింగ్ క్రీ.శ. 500 ప్రాంతంలో చెప్పిన పరీక్ష ఇది.

ఆ తీగ పేరు ముతోంగ్. చైనా భాషలో 'ము' అంటే కర్ర. 'తోంగ్' అంటే అడ్డులేని దారి. కర్రలోంచి దారి ఉంది కాబట్టి ఒంట్లో మూసుకుపోయిన దారుల్నీ ఇది తెరుస్తుందన్నది అక్కడి వైద్యుల నమ్మకం. మూత్రం సాఫీగా రాకపోయినా, బాలింతకు పాలు పడకపోయినా, నెలసరి ఆగిపోయినా ముతోంగ్ కషాయం ఇచ్చేవారు.

వందల ఏళ్లపాటు ఇంటింటి మందుగా వెలిగిన ఆ పేరే, ఇరవయ్యో శతాబ్దం చివరికొచ్చేసరికి కిడ్నీ వైద్యుల్ని ఉలిక్కిపడేలా చేసింది. తప్పు అసలు తీగది కాదు. అదే పేరుతో పొట్లంలోకి చేరిన మరో తీగది.

వేడికి విరుగుడు

అసలు ముతోంగ్ అంటే అకేబియా అనే తీగ. ఒక్కో కాడకు అయిదేసి ఆకులు. వసంతంలో ఊదారంగు పూలు పూస్తుంది. వాటి వాసన చాక్లెట్‌ను తలపిస్తుందని పాశ్చాత్యులు దీన్ని చాక్లెట్ తీగ అని పిలుచుకుంటారు. కాయ కూడా ఊదారంగే. పండి పగిలాక లోపలి తెల్లటి తియ్యని గుజ్జును జపాన్‌లో ఇష్టంగా తింటారు. మందుకు వాడేది మాత్రం ఎండబెట్టిన తీగనే.

చైనా వైద్యం లెక్కలో ముతోంగ్ రుచి చేదు, గుణం చలవ. మన ఇళ్లలో 'వేడి చేసింది' అంటామే... దాదాపు అలాంటి ఊహే వాళ్లకీ ఉంది. గుండెలో వేడి పెరిగితే అది నాలుక మీద పుండ్లుగా బయటపడుతుందనీ, కిందికి దిగితే మూత్రం ఎర్రగా, మంటగా వస్తుందనీ వాళ్లు చెబుతారు. ఆ వేడిని మూత్రంతో బయటికి పంపేయడమే ముతోంగ్ పని.

సోంగ్ వంశీయుల కాలంలో చియన్ యి అనే పిల్లల వైద్యుడు ఉండేవాడు. ఆయన వైద్యవిధానాలతో 1119లో వెలువడిన గ్రంథంలో 'దావో చి సాన్' అనే యోగం ఉంది. రెహ్మానియా దుంప, అతిమధురం, వెదురు ఆకులు, ముతోంగ్... ఈ నాలుగే దినుసులు. నోటిపూతతో రాత్రంతా ఏడ్చే పసిపిల్లలకు దీన్ని కాచి తాగించేవారు. తొమ్మిది వందల ఏళ్లు గడిచినా ఆ యోగం ఇప్పటికీ చైనా వైద్య విద్యార్థుల పాఠాల్లో ఉంది.

ఇంకోటి 'లోంగ్‌దాన్ షియెగాన్'. కళ్లు ఎర్రబడటం, చెవుల్లో హోరు, నోరు చేదు, ఊరికే చిరాకు... ఇలాంటి వాటికి వాడే మందు. దీన్ని మాత్రలుగా చేసి అమ్మడం మొదలయ్యాక వైద్యుడితో పని లేకుండా పోయింది. మందుల దుకాణంలో అడిగి కొనుక్కుని వేసుకోవడమే. అందులోనూ ముతోంగ్ ఒక దినుసు.

పొట్లం మారింది

మూలికలకు గిరాకీ పెరిగేకొద్దీ సరుకు దొరకడం కష్టమవుతుంది. అకేబియా విషయంలో అదే జరిగింది. చైనా ఈశాన్యాన, మంచూరియా అడవుల్లో మరో తీగ విరివిగా పెరిగేది. హృదయాకారపు ఆకులు, పొగతాగే పైపును పోలిన వంకర పువ్వు. కాండం కోస్తే అందులోనూ రంధ్రాలే! చవగ్గా దొరికేది, దిట్టంగా ఉండేది. దీనికీ ముతోంగ్ పేరే పెట్టారు. మహాకుడ్యం కనుమకు ఆవలి ప్రాంతం నుంచి వచ్చేది కాబట్టి గుర్తుకోసం ముందు 'గువాన్' అని చేర్చారు. గువాన్ అంటే కనుమ ద్వారం.

శాస్త్రవేత్తల లెక్కలో అకేబియాకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఇది అరిస్టోలోకియా జాతి మొక్క. అయినా ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి చైనా మార్కెట్లో ముతోంగ్ అడిగితే చాలాచోట్ల చేతికొచ్చేది ఇదే. ప్రభుత్వ ఔషధ ప్రమాణ గ్రంథంలో కూడా చోటు సంపాదించుకుంది. రోజుకు 3 నుంచి 6 గ్రాములు వాడొచ్చని అందులో మోతాదు కూడా ఇచ్చారు.

మొదటి హెచ్చరిక 1964లోనే వచ్చింది. ముతోంగ్‌ను ఎక్కువ మోతాదులో తీసుకున్న ఇద్దరికి కిడ్నీలు పనిచేయడం మానేశాయని చైనా వైద్యుడొకరు ఒక వైద్యపత్రికలో రాశారు. మోతాదు మించింది కాబట్టి అలా జరిగిందనుకున్నారు. తక్కువగా వాడితే ఏమీ కాదనుకున్నారు. ఆ తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్లపాటు ఆ మాట మరుగునే ఉండిపోయింది.

బ్రసెల్స్‌లో ఏం జరిగింది?

ఈసారి గంట మోగింది చైనాలో కాదు... బెల్జియంలో!

బ్రసెల్స్‌లో బరువు తగ్గించే క్లినిక్ ఒకటి 1990లో తన మందుల్లోకి కొత్తగా చైనా మూలికల పొడులు చేర్చింది. అందులో ఒకటి స్టెఫానియా అనే తీగ దుంప. చైనాలో దాన్ని 'ఫాంగ్‌జీ' అంటారు. కీళ్లనొప్పులకూ, ఒంటికి నీరు పట్టడానికీ వాడేది. సన్నబడటానికి వాడమని చైనా సంప్రదాయం చెప్పలేదు. ఆ ఆలోచన క్లినిక్‌దే.

1992 వచ్చేసరికి నగరంలోని కిడ్నీ వైద్యుల దగ్గరికి ఒకే రకం కేసులు రాసాగాయి. అందరూ స్త్రీలే, ఎక్కువమంది మధ్యవయసు కూడా దాటనివాళ్లు. బీపీ, షుగరు లాంటి మామూలు కారణాలేవీ లేవు. కానీ కిడ్నీలు కుంచించుకుపోయి, లోపల గట్టిపడి, నెలల వ్యవధిలోనే డయాలసిస్‌దాకా వెళ్తున్నాయి. ఆరాతీస్తే అందరూ ఆ ఒక్క క్లినిక్ మందులే వాడారని తేలింది. డాక్టర్ వాన్‌హెర్వెగెమ్ బృందం 1993లో 'లాన్సెట్' పత్రికలో ఈ సంగతి బయటపెట్టింది. అప్పటికి తొమ్మిది కేసులు. తర్వాత వందకు పైబడ్డాయి.

మరి ఫాంగ్‌జీలో విషం ఉందా? లేదు. పొడుల్ని ప్రయోగశాలలో పరీక్షిస్తే చాలావాటిలో స్టెఫానియా జాడే లేదు. దాని బదులు అరిస్టోలోకియా జాతి మొక్కలో ఉండే ఆమ్లం బయటపడింది. దక్షిణ చైనాలో దొరికే ఒక అరిస్టోలోకియాను 'గువాంగ్ ఫాంగ్‌జీ' అంటారు. పేరులో ఉన్న పోలిక వల్ల ఒకటి బదులు మరొకటి మూటల్లోకి చేరింది. ముతోంగ్ కథే మళ్లీ!

అంతటితో అయిపోలేదు. కిడ్నీలు చెడిన ఆ రోగుల్లో కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కనిపించడం మొదలైంది. డాక్టర్ నోర్టియే బృందం 2000లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ముందుజాగ్రత్తగా కిడ్నీలూ మూత్రనాళాలూ తొలగించుకున్న 39 మందిలో 18 మందికి క్యాన్సర్ ఉంది. దాదాపు సగం మందికి! అప్పటికి వాళ్లు ఆ పొడి మానేసి ఏళ్లు గడిచాయి.

వేలిముద్ర వదిలే విషం

దోషి పేరు అరిస్టోలోకిక్ ఆమ్లం. ఈ జాతి మొక్కలు పురుగుల నుంచి తమను కాపాడుకోవడానికి తయారుచేసుకునే విషం ఇది. కొన్నిరకాల సీతాకోకచిలుకల గొంగళిపురుగులు మాత్రం ఈ ఆకులే తిని బతుకుతాయి. ఆ విషాన్ని ఒంట్లోనే దాచుకుని, పక్షులు తమ జోలికి రాకుండా చూసుకుంటాయి.

మనిషి ఒంట్లోకి వెళ్లినప్పుడు ఈ ఆమ్లం కిడ్నీ కణాల్లో రూపం మార్చుకుని డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. డీఎన్‌ఏ అంటే నాలుగక్షరాల లిపి అనుకుంటే, ఈ విషం 'ఏ' ఉండాల్సిన చోట 'టి' వచ్చేలా చేస్తుంది. ఇలాంటి అక్షరదోషాలు పేరుకుపోతే కణం అదుపు తప్పుతుంది. ఈ రకం తప్పులు వరుసగా కనిపిస్తే చాలు... కణితిని చూసి, దానికి కారణం ఫలానా మొక్క అని శాస్త్రవేత్తలు చెప్పగలుగుతున్నారు. దొంగ వదిలిన వేలిముద్రలాంటిదన్నమాట.

ఆ వేలిముద్ర మరో పాత చిక్కుముడిని కూడా విప్పింది. క్రొయేషియా, బోస్నియా, సెర్బియా, బల్గేరియా, రొమేనియాల్లో డాన్యూబ్ నది, దాని ఉపనదుల వెంట ఉండే కొన్ని పల్లెల్లో కిడ్నీలు దెబ్బతినే వింత జబ్బు ఒకటుందని 1950లలో గుర్తించారు. ఒక ఇంట్లో ఉంటుంది, పక్క ఇంట్లో ఉండదు. నీళ్లా, మట్టా, వంశపారంపర్యమా అని అర్ధశతాబ్దం వాదించుకున్నారు. చివరికి గోధుమ చేలల్లో కలుపుగా మొలిచే అరిస్టోలోకియాను పట్టుకున్నారు. దాని గింజలు గోధుమలతో కలిసి కోతలోకి, పిండిలోకి, రొట్టెలోకి చేరుతున్నాయి. ఆ జబ్బు వచ్చినవారి కిడ్నీల్లోనూ ఇదే విషం ఆనవాళ్లు ఉన్నట్టు అమెరికా శాస్త్రవేత్త ఆర్థర్ గ్రోల్‌మన్ బృందం 2007లో చూపించింది.

వందల ఏళ్లు ఎవరికీ ఎందుకు తెలియలేదు?

చాలామందికి వచ్చే సందేహమే ఇది. తరతరాలుగా వాడిన మందులో ఇంత ప్రమాదం ఉంటే ఆ వైద్యులు కనిపెట్టలేకపోయారా అని.

వాళ్ల చూపు తక్కువదేం కాదు. కషాయం తాగిన పూటకే వాంతి అయితే గమనించారు. నాలుగు రోజుల్లో నోటిపూత తగ్గితే రాసిపెట్టుకున్నారు. ఎన్నో మంచి మందులు అలా దొరికినవే. 'చింగ్‌హావో' అనే మొక్క గురించి పాత గ్రంథంలో ఉన్న చిన్న ఆధారం పట్టుకునే తూ యూయూ మలేరియాకు ఆర్టిమిసినిన్ మందు కనిపెట్టారు. 2015లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

కానీ ఈ విషం అలా దొరికేది కాదు. కిడ్నీ చెడుతున్నా నొప్పి ఉండదు. మొదట్లో కాళ్ల వాపు కూడా ఉండకపోవచ్చు. మనిషి కాస్త పాలిపోతాడు, నీరసపడతాడు. క్యాన్సరైతే పదేళ్లకో ఇరవై ఏళ్లకో వస్తుంది. తాగిన వాళ్లందరికీ రాదు కూడా. యాభయ్యో ఏట మూత్రంలో రక్తం పడిన మనిషికి, ముప్ఫయ్యో ఏట తాగిన కషాయం గుర్తుంటుందా? ఉన్నా, ఆ రెంటికీ ముడిపెట్టేదెవరు?

వైద్యుడి అనుభవం ఎంత గొప్పదైనా ఆ రోగి మళ్లీ తన గడప తొక్కితేనే అది పెరుగుతుంది. ఇరవై ఏళ్ల తర్వాతి కీడును పట్టుకోవాలంటే వేలమంది వివరాలు రాసి ఉంచాలి, కణజాలాన్ని పరీక్షించాలి. 'మా తాతల నాటి నుంచి వాడుతున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు' అన్న మాట అబద్ధం కాదు. వెంటనే ఏమీ కాలేదనే దాని అర్థం.

అలా లెక్కలు రాసి ఉంచిన చోటు తైవాన్. అక్కడ ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చైనా వైద్యం కూడా ఉంది. ఎవరికి ఏ మూలిక, ఎన్ని గ్రాములు ఇచ్చారో నమోదవుతుంది. 1997 నుంచి 2003 వరకు రికార్డులు తిరగేస్తే, జనాభాలో దాదాపు మూడో వంతు మంది ఈ ఆమ్లం ఉండే అవకాశమున్న మందులు రాయించుకున్నవారే. లెక్కకు మొత్తం 60 గ్రాములు మించి ముతోంగ్ వాడినవారిలో మూత్రనాళ క్యాన్సర్ ముప్పు ఎక్కువగా ఉన్నట్టు 2010లో వచ్చిన అధ్యయనం తేల్చింది. రోజుకు ఆరు గ్రాముల చొప్పున వేసుకుంటే అది పది రోజుల మందే!

నిషేధాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో అరిస్టోలోకియా ఉన్న మూలికామందుల్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. పొగాకు ఉన్న జాబితా అదే. అంతకు ముందే, 2001లో అమెరికా ఇలాంటి మందులు వాడొద్దని ప్రజల్ని హెచ్చరించింది.

చైనాలో 2003 మొదట్లో 'లోంగ్‌దాన్ షియెగాన్' మాత్రలు వాడి కిడ్నీలు పోగొట్టుకున్నవారి గురించి పత్రికల్లో కథనాలొచ్చాయి. ఏప్రిల్‌లో ప్రభుత్వం గువాన్ ముతోంగ్ వాడకాన్ని ఆపేసింది. ఆ మాత్రల్లో దాని బదులు అసలు ముతోంగ్, అంటే అకేబియానే వాడాలని తయారీదారుల్ని ఆదేశించింది. 2005 నాటి ఔషధ ప్రమాణ గ్రంథం నుంచి గువాన్ ముతోంగ్, గువాంగ్ ఫాంగ్‌జీ పోయాయి. అకేబియా తిరిగి వచ్చింది. ఆ జాతివే మరో రెండు మందులు 2020 గ్రంథం నుంచి తప్పుకున్నాయి. తైవాన్ కూడా 2003లోనే నిషేధించింది. అయితే అప్పటికే వాడినవారికి మాత్రం ముప్పు తొలగిపోలేదు. వాళ్లు ఇప్పటికీ పరీక్షలు చేయించుకుంటూ ఉండాల్సిందే.

మన పెరట్లోనూ...

ఇది చైనా గొడవ, మనకెందుకులే అనుకోవడానికి లేదు. అరిస్టోలోకియా జాతి మొక్కలు మన నేల మీదా ఉన్నాయి. ఈశ్వరి అని మనం పిలిచే తీగ ఆ కుటుంబానిదే. చేలల్లో నేల మీద పాకే గాడిదగడపాకు కూడా అంతే. ఈశ్వరి వేరును పాము కాటుకూ, గాడిదగడపాకును కడుపులో పురుగులకూ వాడటం పల్లెల్లో పాత అలవాటు. వీటిలోనూ అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది. ఈ మొక్కలు పెరట్లో ఉంటే నష్టం లేదు, సీతాకోకచిలుకలు వస్తాయి. కడుపులోకి మాత్రం పోకూడదు. పిల్లలకైతే అసలే వద్దు. పాము కరిస్తే వేరు కోసం వెతక్కుండా విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి.

పేర్ల తికమక కూడా మనకు కొత్త కాదు. బ్రహ్మి అంటే కొందరికి నీటి బ్రహ్మి, కొందరికి సరస్వతి ఆకు. శంఖపుష్పి పేరుతో వేర్వేరు ప్రాంతాల్లో వేర్వేరు మొక్కలు అమ్ముతారు. ఇవి అరిస్టోలోకియాలాంటి విషాలు కావు. కానీ ఎండిపోయి, పొడై, పొట్లంలోకి చేరాక ఏది ఏదో కంటితో చెప్పడం ఎవరి తరమూ కాదు. తావో హోంగ్‌జింగ్ చెప్పినట్లు ఊది చూసుకోవడానికి పొడిలో దారీ ఉండదు.

అందుకే మూలికామందు ఏది కొన్నా...

మొక్క శాస్త్రీయనామం లేబుల్ మీద ఉందో లేదో చూడాలి. అరిస్టోలోకియా అని ఉంటే పక్కన పెట్టేయాలి. ఏ మొక్కా పేరు చెప్పకుండా 'రహస్య యోగం' అనే పొడి ఎంత తగ్గిస్తానన్నా తీసుకోకూడదు. సన్నబడే పొడుల విషయంలో ఇది మరీ ముఖ్యం. విదేశాల్లో ఉంటున్న మనవాళ్లు చైనా మూలికల దుకాణాల్లో కొనేటప్పుడు ముతోంగ్, ఫాంగ్‌జీ పేర్లు కనిపిస్తే అవి ఏ మొక్కలో అడిగి తెలుసుకోవాలి.

ఎన్నాళ్లు వాడాలో ముందే అడగాలి. నెలల తరబడి వాడే మందైతే మధ్యలో రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించుకోవాలి. ఖర్చు తక్కువ, రెండు కిడ్నీల కన్నా చాలా తక్కువ. ఇంగ్లిషు వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు 'ఏం మందులు వాడుతున్నారు' అని అడిగితే బీపీ మాత్రతోపాటు కషాయం పేరు కూడా చెప్పాలి. ఆకు పసరే కదా అని ఆ ఒక్కటీ దాచిపెట్టకూడదు.

ఇంతకీ అరిస్టోలోకియా అన్న పేరుకు అర్థం తెలుసా? గ్రీకులో 'సుఖప్రసవం'. పువ్వు గర్భసంచిని పోలి ఉందని పాతకాలపు గ్రీకులు దాన్ని కాన్పు మందుగా వాడేవారు. చైనాలో కాండంలో రంధ్రం చూశారు, గ్రీసులో పువ్వు ఆకారం చూశారు. విషం మాత్రం రెండుచోట్లా ఎవరి కంటికీ కనిపించలేదు.